వాగు దాటే ఎత్తు

జీపు ఎత్తు పెంచిన మర్నాడు దాన్లోకి ఎక్కడం చంద్రమతి వల్ల కాలేదు.

మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎడమ కాలు మడిచి పైన పెట్టబోతే చెయ్యి పట్టు జారింది. షెడ్డులోంచి మెకానిక్ అబ్దుల్ రజాక్ ప్లాస్టిక్ స్టూలు తెచ్చి జీపు పక్కన వేశాడు.

"పైలం టీచరమ్మా. దీనికొక మెట్టు వెల్డింగ్ పెడ్త, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

ఆమె స్టూలెక్కి, లోపల్నుంచి భర్త వీర్రాజు అందించిన చెయ్యి పట్టుకుని, ఎలాగో సీట్లో పడింది. పడ్డాక చూస్తే గోదావరిఖని బజారు కొత్తగా ఉంది. ఆటోల టాపులు, వాటి మీద పేరుకున్న బొగ్గు దుమ్ము, సోడాబండి అతని నడినెత్తి, అన్నీ కిందికి కనిపిస్తున్నాయి. ఇంత ఎత్తయితే ఈసారి వాగు దాటుతామని ఆమెకు నమ్మకం కలిగింది. కొంగు నడుముకు చుట్టి బిగించుకుని కూర్చుంది.

వీర్రాజు బండిని గోదావరి వంతెన వైపు తిప్పాడు. బజారు దాటేదాకా బాగానే ఉంది. రోడ్డు ఖాళీ అయి వేగం పెరిగేసరికి జీపు చెప్పిన మాట వినడం మానేసింది. స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పితే ఎడమకే పోతోంది. వదిలితే తనంతట తను వెనక్కి రావడం లేదు. కుడికి లాగితే అక్కర్లేనంత కుడికి పోతోంది. ఎదురుగా బొగ్గు లారీ వచ్చింది. దాని గాలికి జీపు ఊగి రోడ్డు మధ్యకు జరిగింది. వీర్రాజు పళ్ళు బిగించి, లారీ దాటిపోయాక బండిని రోడ్డు దించి ఇంజను ఆపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇవాళ వద్దు చంద్రా" అన్నాడు. "దీంట్లో నిన్ను కాసిపేట తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు."

దూరంగా వంతెన కనిపిస్తోంది. దాని అవతల మంచిర్యాల, అది దాటితే మందమర్రి, సోమగూడెం, ఆ పైన కాసిపేట, కాసిపేట వెనక గుట్టలు. ఆమె తలూపింది.

ఆ గుట్టల్లో ఒకదాని మీద సారక్క ఉంది.

చంద్రమతి వాళ్ళ నాన్న కోనసీమ నుంచి డ్రిల్లింగ్ క్యాంపులో పనికి వచ్చినవాడు. గని తవ్వకముందు భూమికి బోరు వేసి, బొగ్గు ఎంత లోతున ఉందో చూసే క్యాంపు అది. ఒకచోట డేరాలు వేస్తారు, పని అయ్యాక ఎత్తేసి ఇంకోచోట వేస్తారు. కాసిపేట దగ్గర మాత్రం చాలాకాలం నిలిచింది. అక్కడికి గుట్ట మీది గూడెం నుంచి కట్టెల మోపు తెచ్చే తల్లి వెంట వచ్చే పిల్ల సారక్క. వయసులో కొంచెం పెద్దదేమో, ఇద్దరికీ సరిగ్గా తెలియదు.

బోరులోంచి తీసిన రాయి రోకలిలా గుండ్రంగా, పొడుగ్గా వచ్చేది. దాన్ని చెక్కపెట్టెల్లో వరసగా పేర్చేవాళ్ళు. విరిగిన ముక్కలు పక్కన పారేస్తే పిల్లలిద్దరూ వాటితో గోడలు కట్టి, ఇళ్ళు చేసి, ఒకరింటికి ఒకరు చుట్టాలుగా వెళ్ళేవాళ్ళు. ఈ నేల మాట చంద్రమతి నేర్చుకున్నది సారక్క దగ్గరే. ఇంట్లో "ఏందమ్మా" అంటే "ఏంటమ్మా అనాలి" అని అమ్మ దిద్దేది. డేరా దాటి బయటికి రాగానే మళ్ళీ "ఏందే".

ఒక ఎండాకాలం క్యాంపు ఎత్తేశారు. అప్పుడు సారక్క బీడీల తునికాకు కోతకు మేనమామ ఊరికి పోయి ఉంది. లారీలో సామాన్ల మధ్య కూర్చుని, గుట్ట కనుమరుగయ్యేదాకా చంద్రమతి వెనక్కే చూసింది. అంతే. తర్వాత చదువు, పెళ్ళి, రామగుండంలో జ్యోతినగర్ క్వార్టర్లో కాపురం, స్కూల్లో టీచరు ఉద్యోగం, పవర్ ప్లాంటులో వీర్రాజు షిఫ్టులు, కూతురు మైత్రి పెంపకం. ఊపిరి సలపని రోజుల్లో కూడా బజారులో ఎవరైనా తునికి పండ్లు కుప్పపోసుకుని కూర్చుంటే ఆమె కాళ్ళు ఆగిపోయేవి. కొనేది కాదు. కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయేది.

నిరుడు ఇంటి పక్కన జరిగిన పెళ్ళికి కిషన్ అనే అతను వచ్చాడు. కాసిపేట గనిలో పని చేస్తాడు. ఊరి పేరు వినగానే చంద్రమతి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అడగ్గా అడగ్గా అతను నవ్వి, "సారక్కనా? మా పెద్దమ్మనే. గుట్ట మీదనే ఉంటది. కిందికి దిగుమంటె దిగది" అన్నాడు. తను వెళ్ళి కనిపించేదాకా ఆమెకు చెప్పొద్దని చంద్రమతి అతని దగ్గర మాట తీసుకుంది.

ఆ రాత్రి చంద్రమతికి నిద్ర పట్టలేదు. ఉందని తెలియకముందు ఒక రకం బెంగ. ఉందని తెలిశాక ఇంకో రకం.

చలికాలంలో వీర్రాజు ఆమెను తన పాత జీపులోనే తీసుకెళ్ళాడు. రిటైరయ్యాక వేలంలో కొని ముద్దుగా చూసుకుంటున్న బండి. గుట్ట కింద వాగు అడ్డం వచ్చింది. నీళ్ళు తక్కువే, రాళ్ళే ఎక్కువ. నడి వాగులో ముందు ఇరుసుకు ఉబ్బెత్తుగా వేలాడే గుండు ఒక రాతికి తగిలి జీపు కదల్లేదు. కిషన్, ఇంకో నలుగురు కలిసి తోసి వెనక్కి తెచ్చారు. చంద్రమతి ఒడ్డున నిలబడి చూస్తే గుట్ట మీద ఒక ఇంట్లోంచి పొగ లేస్తోంది. నడిచిపోదామంటే ఆ మోకాళ్ళతో ఆ ఎక్కుడు ఆమె వల్ల అయ్యేది కాదు.

పెద్ద టైర్లు వేస్తే ఇరుసు నేల నుంచి లేస్తుంది, పెద్ద టైర్లు పట్టాలంటే బాడీ ఎత్తాలి అని వీర్రాజు లెక్క వేసుకుని, జీపును రజాక్ షెడ్డుకు తెచ్చాడు. రజాక్ బండి బరువు మోసే కమాన్ కట్టలకు చివర్న ఉండే పట్టీలను తీసేసి పొడుగు పట్టీలు వేశాడు. బాడీ లేచింది. బండి దారి తప్పింది.

వంతెన చూసి వెనక్కి వచ్చిన ఆ రోజు రజాక్ జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కింద పడుకుని చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. షెడ్డు గోడకు ఆనించిన తన సైకిల్ తెచ్చి వాళ్ళ ముందు నిలబెట్టాడు.

"ముందటి ఫోర్కు చూడుండ్రి. నిట్టనిలువుగ ఉండది. జర ఎన్కకు ఒరిగి ఉంటది. గందుకే ఉరికేటప్పుడు హ్యాండిల్ ఇడిసినా చక్రం అదే సీదా అయితది. జీపు చక్రానికి గూడ గట్లనే ఒరుగుంటది. మనం కమాన్ల ముందటి కొసకు పట్టీ పొడుగు జేసినం. ఇరుసు ముందటికి తిరిగింది. ఉన్న ఒరుగు పోయింది. ఇగ స్టీరింగు ఎట్ల వాపసొస్తది?"

"ఇరుసుకీ కమానుకీ మధ్య వాలుగా కోసిన బిళ్ళలు పెడితే మళ్ళీ వెనక్కి ఒరుగుతుంది కదా" అన్నాడు వీర్రాజు.

"గదే జేద్దాం సార్. రెండు రోజులు ఇయ్యుండ్రి."

"వానలు పడితే?" అంది చంద్రమతి.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. మృగశిర కార్తె వచ్చేస్తోంది. వాగులోకి ఒకసారి నీళ్ళొస్తే కార్తీకం దాకా దారి ఉండదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

బిళ్ళలు వేసిన రోజు చంద్రమతి ఇంట్లో ఉండలేక భర్తతో పాటు షెడ్డుకు వచ్చింది. ఎండ నిప్పులు కక్కుతోంది. వెనక ఇంట్లోంచి రజాక్ భార్య రబియా బీ వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, కూలర్ ముందు కూర్చోబెట్టి కుండలో నీళ్ళు ఇచ్చింది. తర్వాత చాయ్ పెట్టింది.

"గుట్ట మీద ఎవరున్నరు టీచరమ్మా, సుట్టాలా?"

"కాదు. చిన్నప్పటి దోస్తు."

రబియా బీ గిన్నె దించుతూ ఆగింది. "దోస్తు కోసమా ఇదంత?"

చంద్రమతి సిగ్గుపడ్డట్టు నవ్వింది. రబియా బీ నవ్వలేదు. చాయ్ వడగట్టి, కప్పు ఆమె చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"నాకొక దోస్తుండె. మహెజబీన్. నాందేడ్‌కు ఇచ్చిన్రు దాన్ని. ఒక్కతీరు బట్టలు కుట్టించుకునేటోళ్ళం ఇద్దరం. ఇప్పుడు ఎదురుంగొస్తె గుర్తుపడ్తనో లేదో." రబియా బీ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు ఆమెకు యాదికున్నరంటరా?"

చంద్రమతి అన్ని నెలలుగా తనను తాను అడగకుండా తప్పించుకుంటున్న ప్రశ్న అదే. కప్పులోకి చూస్తూ, "తెల్వదు" అంది.

బయట జీపు ఇంజను మోగింది. వీర్రాజు, రజాక్ కలిసి ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఇద్దరి మొహాలూ వాడి ఉన్నాయి. బండి మునుపటికన్నా ఎక్కువ ఊగుతోంది. రజాక్ మళ్ళీ కిందికి దూరాడు. వీర్రాజు కూడా తువ్వాలు పరిచి పక్కన పడుకుని, ఫోనులో వాలు కొలిచే యాప్ తెరిచి ఇరుసుకు ఆనించాడు.

"ఇంకా ముందుకే పోయింది రజాక్ భాయ్."

కిందనుంచి రజాక్ గొంతు వచ్చింది. "నాదే తప్పు సార్. లారీలకు కమాన్ కట్ట ఇరుసు మీద కూసుంటది. ఈ జీపుకు ఇరుసే కమాన్ల మీద కూసున్నది. చేతికి లారీల అలవాటు. బిళ్ళ మందం దిక్కు ఉల్టా పెట్టిన."

మళ్ళీ జాకీ ఎక్కించి, బోల్టులు విప్పి, బిళ్ళలు తిప్పి బిగించారు. ముందు చక్రాలు ఒకదానికొకటి సమంగా ఉన్నాయో లేదో దారం కట్టి, టేపుతో చూసి సరిచేశారు. వంకరగా నిలిచిన స్టీరింగును నిలువుకు తెచ్చారు. పొద్దు వాలుతుండగా వీర్రాజు బండి తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. చంద్రమతి రోడ్డు పక్క నిలబడి ఎదురుచూసింది. మంచిర్యాల దిక్కున ఆకాశం మీద సన్నటి మబ్బు గీతలు ఉన్నాయి. వాటిని చూడకూడదనుకుంటూనే చూసింది.

వీర్రాజు తిరిగి వచ్చి బండి దిగకుండానే, "రేపు పొద్దున్నే బయల్దేరదాం" అన్నాడు.

మర్నాడు వంతెన మీద, వంపు తిరిగాక, ఆయన స్టీరింగు మీద పట్టు వదులు చేసి చూపించాడు. అది అరచేతుల మధ్య జారుతూ తనే నిటారుకు వచ్చి ఆగింది. "చూశావా, నేను తిప్పలేదు" అన్నాడు చిన్నపిల్లాడిలా. చంద్రమతి చూసింది. కింద గోదావరి ఇసుక మేటలు వేసి, పాయలు పాయలుగా పారుతోంది. ఆమె పొద్దున ఏమీ తినలేకపోయింది.

కాసిపేటలో కిషన్ ఎక్కాడు. డ్యూటీ వేరేవాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. వాగు దగ్గర వీర్రాజు బండి ఆపి, దిగి, రాళ్ళు చూసుకుని, మళ్ళీ ఎక్కాడు. జీపు మెల్లగా నీళ్ళలోకి దిగింది. చలికాలంలో ఆపిన రాయి ముందుకు వచ్చింది. చంద్రమతి సీటు అంచు పట్టుకుంది. ఏ చప్పుడూ లేదు. కిషన్ వెనక్కి తిరిగి చూసి, "దాటింది సార్" అన్నాడు.

గుట్ట ఎక్కితే గూడెంలో నాలుగైదు ఇళ్ళే ఉన్నాయి. చివరింటి చూరు కింద ఒక ముసలామె చాపలో నూనె తీసే ఇప్ప పలుకులు పోసుకుని చెత్త ఏరుతోంది. బక్కపలచటి మనిషి, తల పూర్తిగా నెరిసింది. జీపు చప్పుడుకు తలెత్తి ముందు జీపునే చూసింది.

"పెద్దమ్మా, ఎవరొచ్చిన్రో సూడు" అన్నాడు కిషన్.

చంద్రమతి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ మొహంలో తనకు తెలిసిన పిల్ల కోసం వెతికింది. దొరకలేదు. తన మొహంలోనూ ఆమెకు ఏం దొరుకుతుంది అనిపించింది.

"ఎవరు బిడ్డా?" అంది సారక్క, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నేను సారక్కా. బోరింగు క్యాంపు చంద్రిని."

పలుకులు ఏరుతున్న చెయ్యి ఆగింది. సారక్క ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత, నిన్న విడిచిన మాట అందుకున్నట్టుగా అడిగింది.

"మీ అమ్మకు దగ్గు తగ్గిందానే?"

చంద్రమతి అక్కడే చాప పక్కన నేల మీద కూర్చుండిపోయింది. మోకాళ్ళు నొప్పి పెట్టిన సంగతి కూడా తెలియలేదు. "అమ్మ పోయింది సారక్కా. చానా ఏండ్లయింది" అంది. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

"అయ్యో" అంది సారక్క. "అడ్డసరం ఆకు నేనే తెచ్చిస్తుంటి. పొద్దంత దగ్గుతుండె పాపం."

అమ్మ దగ్గు చంద్రమతికే గుర్తు లేదు. వెతికితే, ఎక్కడో అడుగున, డేరాలో లాంతరు పక్కన అమ్మ వంగి దగ్గుతున్నట్టు లీలగా తోచింది. తనకు గుర్తులేని అమ్మ ఒకామె ఇక్కడ, ఈ గుట్ట మీద, సారక్క జ్ఞాపకంలో ఇన్నేళ్ళూ ఉంది.

సారక్క నీళ్ళిచ్చింది. వీర్రాజుకు మంచం వాల్చింది. చంద్రమతి తేరుకుని, ఎప్పటినుంచో దాచుకున్నది అడిగింది. "గుండ్రటి రాళ్ళతోటి ఇండ్లు కట్టేటోళ్ళం, యాదికున్నదా?"

సారక్క ఆలోచించింది. "ఏ రాళ్ళు?"

"బోరుల నుంచి తీసిన రాళ్ళు. రోకలి లెక్క ఉండేటియి."

"లేదే. నాకు యాదికి లేదు."

చంద్రమతి తల దించుకుని చాపలోంచి ఒక పలుకు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. తను ఇన్నేళ్ళు మోసిన జ్ఞాపకం తనొక్కదానిదేనా అనిపించింది. సారక్క ఆమె వైపు చూడకుండా మళ్ళీ ఏరడం మొదలుపెట్టి, ఏరుతూనే చెప్పింది.

"తునికాకు నుంచి వచ్చేటాల్లకు మీ డేరాలు లెవ్వు. బెల్లంపల్లి దిక్కు పోయిన్రన్నరు. మా మామెంట నడ్సుకుంట పోయిన. పోయి సూస్తె ఆడ గుంతలే ఉన్నయి. ఆడికెల్లి గూడ ఎత్తేసిన్రట. నీకని తునికి పండ్లు తీస్కపోయిన ఒడిల. వాపసొచ్చేటప్పుడు దారి పొడుగూత నేనే తిన్న."

చంద్రమతికి ఈ సంగతి తెలియదు. లారీలోంచి వెనక్కి చూసింది తనొక్కతే అనుకుంది. తన వెనక ఒక పిల్ల అడవిలో అంత దూరం నడిచి వచ్చిందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఊహకు రాలేదు. ఆమె సారక్క చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి. సారక్క ఆ చేతిని వదిలించుకోకుండా, రెండో చేత్తో పలుకులు ఏరుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. గుట్ట వెనక మబ్బు నల్లబడింది. కిషన్ లేచి నిలబడి, "సార్, వాన మొదలైతె వాగు దాటం" అన్నాడు.

"ఒక్క రాత్రి ఉండే" అంది సారక్క.

చంద్రమతి భర్త వైపు చూసింది. ఉండమంటే ఉండిపోవాలని ఉంది. ఆయనకు రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ కావాలి. ఆ సూది మందు రామగుండంలో ఫ్రిజ్‌లో ఉందని చంద్రమతి సారక్కకు చెప్పింది. "నువ్వుండు చంద్రా" అన్నాడు వీర్రాజు. అన్నాక ఆయనే మబ్బు వైపు చూశాడు. వాగు నిండితే ఆమెను మళ్ళీ దించేది ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"నువ్వే మా ఇంటికి రా" అంది చంద్రమతి.

"ఎద్దును ఎవలు సూస్తరే" అంది సారక్క.

జీపుకు రజాక్ మెట్టు పెట్టాడు గానీ అదీ ఎత్తుగానే ఉంది. సారక్క ఆ మెట్టును, టైరును, చేత్తో తడిమి చూసింది. "ఇంతెత్తు ఎట్లెక్కినవే" అని, వెనక నుంచి నడుముకు భుజం ఆనించి చంద్రమతిని పైకి తోసింది. ఆ బక్క ఒంట్లో అంత బలం ఉందని ఎవరూ అనుకోరు. పైన కూర్చున్నాక చంద్రమతి కిందికి చూసింది. సారక్క తలెత్తి నిలబడి ఉంది. జీపు కదిలింది.

వాగు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. దారంతా జీపు నిటారుగా, నిమ్మళంగా నడిచింది. వీర్రాజు ఒకటి రెండుసార్లు ఆమె వైపు చూసి, మళ్ళీ దారి చూసుకున్నాడు. ఇంతకాలం ఆమె బెంగ పెట్టుకున్నది ఒక పిల్ల కోసం. ఆ పిల్ల ఇక ఎక్కడా లేదు. ఇప్పుడు ఒక ముసలామె కోసం గుండె లాగుతోంది. ఆమె ఉంది. గుట్ట మీద, చూరు కింద, ఎద్దుకు గడ్డి వేస్తూ ఉంటుంది.

ఆ ఏడు వానలు జోరుగా పడ్డాయి. రామగుండంలో కిటికీ దగ్గర నిలబడి చంద్రమతి ప్రతి వానకూ వాగు ఎంత వరకు వచ్చి ఉంటుందో అనుకునేది. ఆషాఢం దాటాక ఒక మధ్యాహ్నం కిషన్ నుంచి ఫోనుకు ఒక గొంతు రికార్డు వచ్చింది. గుట్ట మీద సిగ్నల్ ఉండదు. అవతలి ఊరి మీదుగా తాడు పట్టుకుని వాగు దాటి వెళ్ళి, పెద్దమ్మ చేత మాట్లాడించి, కాసిపేట వచ్చాక పంపానని రాశాడు.

"చంద్రీ" అంది సారక్క. పక్కన కిషన్ ఏదో చెప్పడం వినిపించింది. "దీంట్ల మాట్లాడితె నీకు ఇనవడ్తదట. ఏం మాట్లాడాలె. వానలు మంచిగ పడ్డయి. జొన్న మొల్సింది. ఎద్దు జర కుంటుతాంది. వాగు నిండ పారుతాంది. నీళ్ళు తగ్గినంక రాండ్రి. మీ ఆయనను ఆ సూది మందు ఎంట తెచ్చుకొమ్మను. రాత్రి ఉందురు."

ఆ తర్వాత, "అయిపాయెనారా, ఇంకా ఇంటాందా" అని కిషన్‌ను అడగడం వినిపించింది. కిషన్ వెంటనే ఆపలేదు. కాసేపు చూరు మీద వాన చప్పుడు, ఎక్కడో ఒక కోడి కొక్కరించడం, సారక్క గొంతు సవరించుకోవడం ఉన్నాయి.

చంద్రమతి చివరిదాకా వింది. ఫోను బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఫోను తీసుకుని మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.